క్రింపింగ్: నొక్కడమా, కరిపించడమా?

కేబుల్ చివర జాక్‌ను, అంటే సాకెట్‌లో దూర్చే ప్లాస్టిక్ ముక్కను, టూల్‌తో బిగించే పనే క్రింపింగ్. దానికి తెలుగు మాట అడిగితే చాలామంది ‘నొక్కడం’ అన్నారు. విజయవాడ గవర్నర్‌పేటలో కేబుల్ పని చేసేవాడిగా నాకది చాలదనిపిస్తోంది.

నెట్ కేబుల్ పైతొడుగు ఒలిచి, మెలికలు విప్పి, 8 తీగలనూ వరస పెడతాం. ఆరెంజ్ వైట్, ఆరెంజ్, గ్రీన్ వైట్, బ్లూ, బ్లూ వైట్, గ్రీన్, బ్రౌన్ వైట్, బ్రౌన్. నిద్రలో లేపి అడిగినా చెబుతాం. అయితే ఒక్కో తీగ మీదుండే సన్నని ప్లాస్టిక్‌ను మాత్రం ఒలవం. అసలు మాట అక్కడే ఉంది. తీగలను జాక్‌లో దూర్చి టూల్ నొక్కగానే అందులోని 8 లోహపు పళ్లూ ఆ ప్లాస్టిక్‌ను చీల్చుకుని లోపలి రాగిని పట్టుకుంటాయి. నొక్కేది మన చెయ్యి, కరిచేది జాక్. కాలింగ్ బెల్ కూడా నొక్కుతాం, వేలు తీస్తే అది పైకొచ్చేస్తుంది. ఇది రాదు. వరస తప్పితే ఆ జాక్‌ను కోసి పారేయాల్సిందే.

కొత్త చెప్పు కరిచిందంటాం. పిల్లవాడు తల్లిని కరుచుకుని పడుకున్నాడంటాం. ‘మట్టి కరిపించారు’లో ‘కరిపించు’ సిద్ధంగానే ఉంది. అందుకే నా ఓటు ‘జాక్ కరిపించు’కు.

— అన్నా, మాది గుంటూరు. మా నాన్న టెలిఫోన్ లైన్ పని చేసేవారు. ఆయన ‘జాక్ కొట్టాను’ అనేవారు. ఫోన్ తీగకు కూడా మీ మాట సరిపోతుందా?

— సరిపోతుందమ్మా. ఫోన్ జాక్ చిన్నది, ఒక లైనుకు మధ్యలోని 2 తీగలే చాలు. కరిచే తీరు మాత్రం ఒకటే. నాన్నగారి మాటను నేను కాదనను, మా షాపులోనూ అదే అంటాం. స్టాంపు కొట్టినట్టు, పంపు కొట్టినట్టు జాక్ కొడతాం. కానీ పని నేర్పేటప్పుడు ఆ మాట సాయం చెయ్యదు. మా దగ్గర చేరిన కుర్రాడికి ‘గట్టిగా నొక్కు’ అని ఎన్నిసార్లు చెప్పినా, తీగకో లైటు వెలిగించి చూపే టెస్టర్‌లో మూడో లైటు వెలగలేదు. ‘నొక్కడం కాదురా, పళ్లు రాగిని కరవాలి’ అన్నాక జాక్‌ను వెలుతురుకు ఎత్తి చూశాడు. మూడో పన్ను మిగతావాటికంటే పైకే ఉంది.

‘దీనికి కాటు పడలేదండీ’ అన్నాడు. ఆ మాట నేను నేర్పింది కాదు.