కొరాట్ పిల్లిని పెంచినవారి అనుభవాలు

నకోన్ రాచసీమా నుంచి:
ఉద్యోగరీత్యా థాయిలాండ్‌లోని నకోన్ రాచసీమాలో ఉంటున్నాను. ఈ ఊరిని వాడుకలో కొరాట్ అంటారు, ఇక్కడి పిల్లిజాతికీ అదే పేరు. పొరుగింటి అవ్వగారు మాకొక ఆడకూనను ఇచ్చారు. దాని ఒళ్ళంతా ఒకే బూడిదరంగులో ఉంది, ఎక్కడా మచ్చ గానీ చార గానీ లేదు. అయితే కొరాట్ పిల్లి కళ్ళు ఆకుపచ్చగా ఉండాలంటారు, దీని కళ్ళేమో తేనెరంగులో ఉన్నాయి. ఇది అసలు జాతిదేనా? పెంచినవారు దయచేసి చెప్పండి.

బ్యాంకాక్ నుంచి:
కంగారు పడకండి. మా పిల్లికి రెండో ఏడు నిండేదాకా తేనెరంగు కళ్ళే ఉండేవి. తరువాత కంటిపాప చుట్టూ సన్నని ఆకుపచ్చ వలయం కనిపించి, నెమ్మదిగా అంచులదాకా పరచుకుంది. కొన్నింటికి ఇందుకు నాలుగేళ్ళు కూడా పడుతుంది. హృదయాకారపు ముఖం కూడా ఎదిగాకే స్పష్టమవుతుంది. మీరు చూడవలసింది వెంట్రుకను: కుదురు దగ్గర లేతగా ఉండి, పైకి పోనుపోను ముదిరి, కొసన వెండిలా మెరుస్తుంది. పిల్లి నడుము వంచినప్పుడు వెన్నుపై వెంట్రుకలు పాయలుగా విడిపోతాయి, ఎందుకంటే వీటికి లోపలి మెత్తని బొచ్చుపొర ఉండదు.

సిద్ధిపేట నుంచి:
నేను పిల్లిని పెంచలేదు గానీ, పేరు గురించి ఒక మాట చెప్పాలి. థాయి ప్రజలు ఈ పిల్లిని ‘సీ సవాత్’ అంటారు. ‘సీ’ అంటే రంగు, ‘సవాత్’ అంటే మన గచ్చకాయ. చిన్నప్పుడు అరుగు మీద కూర్చుని ఎగరేసి పట్టుకున్న ఆ నున్నని, కాస్త ఆకుపచ్చ కలిసిన బూడిదరంగు గింజను తలుచుకుంటే, ఈ పిల్లి రంగు చెప్పడానికి తెలుగువారికి వేరే మాట అక్కరలేదు. ‘నకోన్ రాచసీమా’ కూడా మన ‘నగర’, ‘రాజసీమ’ మాటలే.

ఉదోన్ థానీ నుంచి:
మా ఈశాన్య ప్రాంతంలో వానలు పడకపోతే ఆడపిల్లిని బుట్టలో పెట్టి ఇంటింటికీ ఊరేగిస్తారు, ప్రతి ఇంటివారూ దానిపై నీళ్ళు చల్లుతారు. మన పల్లెల్లో కప్పతల్లిని రోకలికి కట్టి తిప్పే ఆచారమే గుర్తొచ్చింది. మబ్బురంగు ఉన్నందున ఈ జాతి పిల్లిని శుభప్రదమని నమ్ముతారు, కొత్త పెళ్ళికూతురికి పిల్లుల జంటను బహూకరించే సంప్రదాయమూ ఉంది. నీళ్ళంటే బెదిరే ప్రాణిని తడపడం నాకు బాధ కలిగించేది. ఇప్పుడు కొన్ని ఊళ్ళలో బదులుగా బొమ్మపిల్లిని తిప్పుతున్నారు, అది మంచి మార్పు.

డల్లాస్ నుంచి:
ఈ జాతి తొలి జంట, నారా, దర్రా అనే పిల్లులు, 1959లో అమెరికాకు వచ్చాయి. ఇక్కడ చాలామంది మా పిల్లిని రష్యన్ బ్లూ అనే మరో బూడిదరంగు జాతి అనుకుంటారు, కానీ ఆ జాతికి దట్టమైన రెండు పొరల బొచ్చు ఉంటుంది. మాది చిన్నగా కనిపించినా ఎత్తుకుంటే అనుకున్నదానికంటే బరువుగా ఉంటుంది. హఠాత్తుగా శబ్దమైతే అదిరిపడుతుంది, ఇంట్లో మనిషి ఏ గదిలోకి వెళితే ఆ గదిలోకి వస్తుంది.

ఒక ముఖ్యమైన విషయం. ఈ జాతిలో గ్యాంగ్లియోసిడోసిస్ అనే వంశపారంపర్య నాడీవ్యాధి ఉంది. తల్లీతండ్రీ ఇద్దరి నుంచీ లోపమున్న జన్యువు వచ్చిన కూనకు కొన్ని నెలల్లోనే తల వణకడం, నడక తూలడం మొదలవుతాయి, దానికి చికిత్స లేదు. ఒక్కరి నుంచే వస్తే పిల్లి ఆరోగ్యంగానే ఉంటుంది గానీ, తన సంతానానికి దాన్ని అందించగలదు. బుగ్గ లోపలి నుంచి దూదిపుల్లతో తీసిన నమూనాతో జన్యుపరీక్ష చేయిస్తే ఇది తేలిపోతుంది. కూనలు పెట్టించే ఆలోచన ఉంటే ముందు ఆ పరీక్ష చేయించండి.

నకోన్ రాచసీమా నుంచి:
అందరికీ కృతజ్ఞతలు. ఈ ఉదయం వెలుతురులో చూస్తే వెంట్రుకల కొసన వెండిమెరుపు స్పష్టంగా కనిపించింది. అవ్వగారింట్లో ఇంకా రెండు కూనలు, వాటి తల్లి ఉన్నాయి. అన్నింటికీ కలిపి పరీక్ష చేయిద్దామని ఈ సాయంత్రమే ఆమెను అడుగుతాను.