బాబుకి ఆరో వేలు, తీయించాలా ఉంచాలా?

మా బాబుకి తొమ్మిదో నెల అండి. ఎడమ చేతి చిటికెన వేలు పక్కన ఇంకో బుల్లి వేలుంది, గోరు కూడా ఉంది కానీ కదలదు, చొక్కా తొడిగేటప్పుడు ఇరుక్కుని ఏడుస్తాడు. అత్తయ్యేమో ఆరు వేళ్ళు అదృష్టం ముట్టుకోవద్దంటారు, మా ఆయనేమో బళ్ళో ఏడిపిస్తారు ఇప్పుడే తీయించేద్దాం అంటున్నారు. నాకు మత్తు ఇవ్వడమంటేనే భయం. ఎవరైనా చేయించారా?

>> ముందు ఎక్స్‌రే తీయించండి అక్కా. లోపల ఎముక, కీలు ఉన్నాయా, ఉత్త తోలు మీద వేలాడుతోందా అన్నదాన్ని బట్టే ఆపరేషన్ ఎంతదో తేలుతుంది. మా పాపకి బొటనవేలే రెండుగా ఉండేది, అది వేరే కథ, ఒకటి తీసేస్తే సరిపోదు కీలు కూడా సరిచేయాలన్నారు, ఏడాది దాటాక చేయించాం. ఇప్పుడు సన్నగీత ఉందంతే.

>> నాకు 34, ఆరు వేళ్ళతోనే ఉన్నా. ఏడిపించారు నిజమే, గ్లౌజులు పట్టవు, చలికాలం బైక్ మీద తిప్పలే. అయినా తీయించాలనిపించలా. హృతిక్ రోషన్‌కి లేదా? మన అథ్లెట్ స్వప్నా బర్మన్ కాలికి ఆరేసి వేళ్ళతో 2018 ఏషియన్ గేమ్స్‌లో హెప్టాథ్లాన్ (పరుగు, దూకుడు, విసురుడు కలిపి ఏడు పోటీలు) గోల్డ్ కొట్టింది, బూట్లతోనే బాధ ఆవిడకి.

>> దారం కట్టి ఊడగొడతామంటే మాత్రం ఒప్పుకోకండి, మా ఊళ్ళో ఒకళ్ళకి చీము పట్టింది.

>> థాంక్సండి అందరికీ. సోమవారం ఎక్స్‌రేకి వెళ్తున్నాం. అత్తయ్య కూడా వస్తానన్నారు, ఎముక ఉంటే మాత్రం ఒప్పుకోరట.