హైదరాబాద్ ఎఫ్‌సీ 2023–24 సీజన్: తప్పు ఎక్కడ మొదలైంది?

కంచరపాలెం లెఫ్ట్‌వింగ్ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. హైదరాబాద్ ఎఫ్‌సీ ఫుట్‌బాల్ జట్టు పుట్టిన 2019 నుంచీ విశాఖలో కూర్చుని ఆ జట్టు ఆట చూస్తూ వచ్చినవాణ్ణి. 2025లో జట్టు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. మొన్న బీరువా సర్దుతుంటే అడుగున మడతపెట్టిన పసుపు జెర్సీ బయటపడింది. దానితోపాటు మరిచిపోదామనుకున్న 2023–24 సీజన్ కూడా బయటికొచ్చింది. 22 మ్యాచ్‌లలో ఒక్క గెలుపు, 5 డ్రాలు, 16 ఓటములు. వేసిన గోల్స్ 10, ఇచ్చుకున్నవి 43. మొత్తం 8 పాయింట్లతో పట్టికలో అట్టడుగు స్థానం.

అంతకు రెండేళ్ల క్రితం ఇదే జట్టు ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఛాంపియన్. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్లో ఒక గోల్ వెనకబడి, ఇక అయిపోయిందనుకుంటున్న 88వ నిమిషంలో సాహిల్ తవోరా కొట్టిన గోల్‌తో సమం చేసి, పెనాల్టీలలో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడింటిని ఆపడంతో 3–1 తేడాతో కప్పు గెలిచింది. అయితే కోవిడ్ కారణంగా 2020–21, 2021–22 సీజన్లు రెండూ పూర్తిగా గోవాలోనే జరిగాయి కాబట్టి, మన జట్టు ఆ రెండు సీజన్లలో సొంత ఊళ్లో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే ఛాంపియన్ అయింది. ఆ వైభవమంతా మనం టీవీలో చూసిందే.

తీరా నాకు వెళ్లే వీలు చిక్కింది ఆ దిక్కుమాలిన సీజన్లోనే. సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లవారి కూకట్‌పల్లిలో పిన్ని ఇంట్లో దిగి, రాత్రి గచ్చిబౌలిలో మ్యాచ్ చూసి, మరునాటి సాయంత్రం అదే బండిలో తిరుగు ప్రయాణం. రెండు రాత్రులు రైల్లో గడిచాయి. గ్యాలరీలో జనం ఎంత పలచగా ఉన్నారంటే, గోల్‌కీపర్ తన డిఫెండర్లను ఏ పక్కకు జరగమని అరుస్తున్నాడో నా సీటు దాకా స్పష్టంగా వినిపించింది. ఓడిపోయాం. నన్ను బాధించింది ఓటమి కంటే ఆ అరుపు అంత దూరం వినిపించడమే.

నా ప్రశ్న ఇది: ఈ పతనానికి డబ్బు ఇబ్బందులే కారణమా, లేక ఆటలోని లోపాలు అంతకు ముందే మొదలయ్యాయా?

ఎంవీపీ కాలనీ స్టాపర్:

జీతాల బకాయిలు, కొత్తవారిని తీసుకోకుండా ఫీఫా విధించిన నిషేధం అప్పట్లో పత్రికలన్నీ రాసినవే కాబట్టి వాటి జోలికి వెళ్లను. నా దృష్టిలో కథ అంతకు ముందే మొదలైంది. అప్పటి కోచ్ మానోలో మార్కెజ్ జట్టు బలం రెండు అంచుల్లో ఉండేది. కుడివైపు ఆశిష్ రాయ్, ఎడమవైపు ఆకాశ్ మిశ్రా డిఫెన్సులో ఉంటూనే పైదాకా పరుగెత్తి ప్రత్యర్థిని వెడల్పుగా లాగితే, మధ్యలో ఏర్పడిన సందులో ఫార్వర్డ్ ఒగ్బెచే తన పని తాను చేసుకునేవాడు. 2021–22లో ఆయన కొట్టిన 18 గోల్స్‌లో చాలావరకు ఆ సందులో పుట్టినవే. 2022లో రాయ్ మోహన్ బగాన్‌కు వెళ్లాడు. మరుసటి ఏడాది మిశ్రా ముంబైకి, కోచ్ గోవాకు వెళ్లిపోయారు. ఒగ్బెచే కూడా జట్టు వదిలాడు. నాలుగు స్తంభాల పందిరికి నాలుగూ పీకేశాక గాలివానను తిట్టి లాభం లేదు.

2022–23లో రెండో స్థానంలో నిలవడం, సెమీఫైనల్లో పెనాల్టీలపై మాత్రమే ఓడడం వల్ల ఈ పగుళ్లు మనకు కనబడలేదు. ఆ తరువాతి సీజన్ మధ్యలో చింగ్లెన్సనా, నిఖిల్ పూజారి బెంగళూరుకు వెళ్లడం, కోచ్ కానర్ నెస్టర్ తప్పుకోవడం, విదేశీయుల్లో జోవో విక్టర్ ఒక్కడే మిగలడం ఇవన్నీ వరసగా జరిగిపోయాయి.

పెందుర్తి ప్యాసింజర్:

స్టాపర్ గారి విశ్లేషణ బాగుంది గానీ, ఆ సీజన్‌ను 8 పాయింట్లతోనే కొలవడం నాకు అన్యాయంగా తోస్తోంది. ఎదుటి జట్లు మైదానంలోకి నలుగురేసి విదేశీయులను దింపుతుంటే, మనవైపు ఇరవై ఏళ్లు దాటీ దాటని కుర్రాళ్లు కోచ్ తాంగ్‌బోయ్ సింగ్టో చెప్పినట్టు ఆడుతూ 90 నిమిషాలు నిలబడ్డారు. మార్చిలో చెన్నైయిన్‌పై 1–0తో గెలిచిన రోజున నేను గట్టిగా అరిస్తే మా ఆవిడ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. కప్పు గెలిచిన నాడు కూడా నేను అలా అరవలేదు.

ఇంకొక మాట చెప్తే కోపగించుకోకండి. 2019లో పుణె సిటీ జట్టు మూతపడితేనే ఆ స్థానం మన హైదరాబాద్‌కు దక్కింది. ఆనాడు పుణె అభిమానులు ఏమైపోయారో మనలో ఒక్కరమైనా ఆలోచించామా? నేను ఆలోచించలేదు. ఈనాడు ఢిల్లీవాళ్లు మన గురించి ఆలోచించకపోతే తప్పుపట్టే మొహం నాకు లేదు. (మన మధురవాడ స్టేడియానికి ఢిల్లీ క్రికెట్ జట్టు వచ్చి సొంత గడ్డ అని చెప్పుకుని ఐపీఎల్ మ్యాచ్‌లు ఆడిపోతుంటే, మన తెలుగు ఫుట్‌బాల్ జట్టు ఢిల్లీలో తేలింది. ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఎవరు కుదిర్చారో గానీ మనకు గిట్టుబాటు కాలేదు.)

ఉక్కునగరం పెద్దాయన:

నాయనలారా, మీరు 2019 నుంచి లెక్క మొదలుపెట్టారు కాబట్టి మీకు ఇది ఇంత పెద్ద నష్టంగా కనిపిస్తోంది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదుసార్లు ఆనాటి పేరున్న ఫుట్‌బాల్ టోర్నీ రోవర్స్ కప్ గెలిచింది. దాన్ని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ చేరింది, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. అంతటి పరంపర చల్లబడినప్పుడు మా నాన్నగారు పడిన బాధ నేను కళ్లారా చూశాను. ఒక్క సీజన్ పోవడం దాని ముందు చిన్న విషయం.

విశాఖవాళ్లుగా మీరు అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. 2020లో ఐఎస్ఎల్‌కు దిగువన ఉన్న ఐ–లీగ్‌లో కొత్త జట్టుకు అవకాశం వచ్చింది విశాఖపట్నం పేరుమీదే. ఆ జట్టే ఇప్పటి శ్రీనిధి డెక్కన్. చివరికి హైదరాబాద్‌లో స్థిరపడి, 2022–23లోనూ, మీరు ఏడుస్తున్న ఆ 2023–24లోనూ రెండో స్థానంలో నిలిచింది. ఆ రెండేళ్లూ మొదటి స్థానం వచ్చినవారికి ఐఎస్ఎల్ ప్రవేశం దక్కింది. ఒక మెట్టు తేడాతో రెండుసార్లు తప్పిపోయింది. మన ఊరి పేరుతో మొదలైన జట్టు ఇంత దగ్గరగా వచ్చిన సంగతి ఇక్కడ ఒక్కరూ ఎత్తలేదు.

కంచరపాలెం లెఫ్ట్‌వింగ్:

పెద్దాయన గారూ, సిగ్గుగానే ఒప్పుకుంటున్నాను, ఆ రెండు సీజన్లలో శ్రీనిధి మ్యాచ్ ఒక్కటి కూడా నేను పూర్తిగా చూడలేదు. స్టాపర్ గారు అంచుల గురించి చెప్పాక పాత మ్యాచ్‌ల ముఖ్యాంశాలు మళ్లీ చూశాను. ఒగ్బెచే కొట్టిన బంతులు ఎక్కువగా ఎడమవైపు నుంచి వచ్చినవే. ఆ రోజుల్లో నా కళ్లు ఒగ్బెచేనే చూశాయి తప్ప, బంతిని పంపిన మిశ్రా వైపు వెళ్లలేదు. ప్యాసింజర్ గారి పుణె మాటకు నా దగ్గర జవాబు లేదు.

జెర్సీ మళ్లీ బీరువాలోనే పెట్టాను. ఇకపోతే చిన్న సాయం: కూకట్‌పల్లి నుంచి శ్రీనిధివాళ్ల డెక్కన్ ఎరీనాకు ఏ బస్సు పట్టుకోవాలో, మ్యాచ్ ముగిశాక తిరిగి రావడానికి ఏదైనా దొరుకుతుందో లేదో తెలిసినవారు చెప్పగలరు. ఈసారి మా పిన్నికి ముందుగానే కబురు చేయాలి.