చలికాలం తుంగభద్రలో చేప అడుగునా, ఒడ్డునా? మంచు నదుల గాలం పద్ధతి మనకు పనికొస్తుందా?

ఆదివారం_గాలం
గడ్డకట్టిన నది మీద కూర్చుని చేపలు పట్టే రష్యా, కెనడా వీడియోలు ఈ మధ్య ఫోన్లలో తెగ తిరుగుతున్నాయి. వాళ్లు చేసేదేమంటే, మంచుకు ఆరు నుంచి ఎనిమిది అంగుళాల బెజ్జం పెడతారు. రెండు మూడు అడుగుల పొట్టి కర్ర, సన్న తంగూసు (నైలాన్ దారం), సీసం పోసిన చిన్న గాలం. సీసం అడుగును తాకేదాకా వదులుతారు. జానెడు పైకెత్తి, తంగూసు సడలకుండా మళ్లీ దించుతారు. విసిరే పనే లేదు.

మనకు మంచు లేకపోతేనేం, పుట్టి (బుట్టలాంటి గుండ్రటి పడవ) ఉంది. డిసెంబరు, జనవరిలో కర్నూలు దగ్గరి సుంకేసుల ఆనకట్ట దిగువన ఏరు సన్నబడి మడుగులుగా విడిపోతుంది. మడుగు నడుమ పుట్టి నిలిపి ఇదే పని చేయొచ్చు. చలికి చేప అడుక్కి దిగుతుంది, అడుగున నీళ్లు వెచ్చగా ఉంటాయి. ఒడ్డు నుంచి యాభై మీటర్లు విసిరి, నీళ్ల మీద తేలే బెండు చూస్తూ కూర్చోవడం కంటే నిలువుగా దించడమే మేలు. లోతున్న మడుగు ఎక్కడో మ్యాపులో గుర్తు పెట్టి కింద జతచేశాను.

కేసీ_కాలువ
ముందు పుట్టిలో గుండ్రంగా తిరక్కుండా కూర్చోవడం నేర్చుకో అన్నా, గాలం తర్వాత.

చిన్న_బెండు
గాలానికి పెట్టే ముద్దలో నెయ్యి వేస్తే మంచిదా? అందరూ వేయమంటున్నారు.

ఉష్ణమాపకం
"అడుగున నీళ్లు వెచ్చగా ఉంటాయి." మీ పద్ధతికి ఆధారం ఈ ఒక్క మాటే, అదే తప్పు. నీళ్లు అన్నిటికంటే బరువుగా ఉండేది 4 డిగ్రీల దగ్గర. అంతకన్నా చల్లబడితే తేలికై పైకొస్తాయి. అందుకే సరస్సు పైన గడ్డకట్టి, అడుగున 4 డిగ్రీల నీళ్లు మిగులుతాయి. కర్నూలులో ఏరు ఏనాడైనా 4 డిగ్రీలకు దిగిందా? 20 డిగ్రీల నీళ్లు ఘనపు మీటరుకు 998.2 కిలోలు, 25 డిగ్రీలవి 997 కిలోలు. అంటే ఇక్కడ వెచ్చనివి పైన, చల్లనివి కింద. మీరు తలకిందులుగా చెప్తున్నారు.

పైగా మీరు చూసింది సరస్సు కాదు, నది. పారే నీళ్లు మంచు కింద కూడా కలగలిసిపోయి పైనుంచి అడుగుదాకా సున్నాకు దగ్గరగానే ఉంటాయి. అక్కడ వాళ్లు లోతు వెతికేది వెచ్చదనానికి కాదు, వడి లేని చోటు కోసం. చల్లబడిన చేపకు ఎదురీదే ఓపిక ఉండదు. మలుపు లోపలి వైపో, బండ వెనకో ఆగుతుంది. మలుపు బయటి వైపు వడి కింది నుంచి మంచును తినేస్తుంది కాబట్టి అక్కడికి మనిషి పోడు. నాలుగంగుళాల తేట మంచు మనిషిని మోస్తుందనే లెక్క కూడా నిలిచిన నీళ్లకే, నది మీద దాన్ని నమ్ముకోరు.

ఆదివారం_గాలం
సార్, లెక్కలు బాగున్నాయి. మరి డిసెంబరులో తెల్లారి ఆరింటికి ఒడ్డున ఒక్క బెండైనా మునుగుతుందా? కర్నూలులో గాలం పట్టిన ఎవరినైనా అడగండి. ఒడ్డున లేని చేప అడుగున కాక ఆకాశంలో ఉందా?

సుంకేసుల_దిగువ
ఆ మ్యాపు గుర్తు తియ్యప్పా.

ఉష్ణమాపకం
తెల్లారి ఒడ్డున లేదన్నది నిజం. కారణం మాత్రం మీరు చెప్పింది కాదు. మోకాలి లోతు నీళ్లు రాత్రంతా వేడి వదులుకుంటాయి, పదడుగుల మడుగు అంత తొందరగా వదలదు. కాబట్టి పొద్దున ఒడ్డు నీళ్లే అన్నిటికంటే చల్లన, చేప లోతుకు జరుగుతుంది. జరుగుతుంది అన్నాను, అడుక్కి దిగుతుంది అనలేదు. రాత్రి చల్లబడిన పైనీళ్లు కిందికి జారి మడుగంతా కలిసిపోతుంది, నడిమి నీళ్లకూ అడుగు నీళ్లకూ పెద్ద తేడా మిగలదు. పదకొండు దాటాక కథ మారుతుంది. ఎండ తగిలే పలుచని ఒడ్డు, నల్ల బండల పక్క ముందు వేడెక్కుతాయి. పదకొండు నుంచి మూడు దాకా చేప అక్కడ మేస్తుంది. మీరు ఆరింటికి వచ్చి, చేప లేదని తొమ్మిదింటికి లేచిపోతున్నారు.

అనుమానముంటే కొలవండి. సన్నమూతి సీసాకు కింద రాయి కట్టండి, బిరడా బిగించి దానికి వేరే దారం కట్టండి. ఆరడుగులు దించి బిరడా దారం గట్టిగా గుంజితే సీసాలోకి ఆ లోతు నీళ్లే చేరతాయి. బుడగలు ఆగాక ఒక నిమిషం ఉంచి, చకచకా పైకి లాగి, వెంటనే థర్మామీటరు ముంచి చూడాలి. జ్వరానికి వాడేది పనికిరాదు, 35 కింద చూపించదు. ప్రయోగశాలలో వాడే గాజుది కావాలి.

పెన్నా_ఇసుక
మా పెన్నలో నీళ్లే లేవు. మీకు ఉన్న నీళ్లు వెచ్చనా చల్లనా అని కొట్లాట.

సుంకేసుల_దిగువ
చేప చేప అంటాండారు, ఏ చేప? అది చెప్పకుండా అడుగు, ఒడ్డు అని వాదించేది ఏంది.

బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటాది, అది పైనీళ్లలో మేసేది. అడుగున సీసం ఎన్నిసార్లు ఎత్తి దించినా దానికి పట్టదు. రోహు నడిమి నీళ్లది. మోసు అడుగు బురదది. మీరు చెప్పే అడుగు గాలానికి తగిలితే మోసు తగలల్ల, కానీ మోసు ఎగిరే సీసాన్ని చూసి కొట్టదు, నిలకడగా ఉన్న ముద్దను చప్పరిస్తాది. మంచు నదుల్లో ఎత్తి దించేది ఎక్కువగా మాంసం తినే చేపకే. మన ఏట్లో అట్ల కొట్టేది వాలుగ, కొరమీను. కొరమీను జమ్ములో, నాచు పక్కన ఉంటాది, నడి మడుగులో కాదు. ఇంక మిగిలింది వాలుగ. అది చీకటి పడినాక తిరుగుతాది, పొద్దున కాదు. దాని పండ్లకు తంగూసు నిలవదు, గాలం పైన జానెడు స్టీలు తీగ కావల్ల. బతికిన పక్కెను (చిన్న చేపను) వీపు ముల్లు వెనక గుచ్చి ఇడిస్తే కొడతాది, ఉత్త సీసానికి కాదు.

మ్యాపు గుర్తు తియ్యి.

పుట్టి_తిప్పుడు
పుట్టి గురించి రెండు మాటలు. ఒక్క రాయి కట్టి నిలిపితే పుట్టి దాని చుట్టూ తిరుగుతూనే ఉంటుంది, తంగూసు నిలువుగా దిగదు, ఏటవాలుగా పోతుంది. ఎదురెదురుగా రెండు రాళ్లు వేయాలి, ఒక్కో తాడు లోతుకు కనీసం రెండింతలు ఉండాలి. కూర్చోవడం నడిమధ్యలోనే. చేప పడిందని అంచుకు ఒరిగితే పుట్టి నీళ్లు తాగుతుంది. లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కొద్దు, ఏట్లో మొసళ్లున్నాయి. పైన గేట్లు ఎత్తితే నీళ్లు మనల్ని అడిగి రావు.

ఇంకోటి, అడుగంతా బండలు. సీసం నెర్రెలో ఇరికితే తంగూసంతా పోతుంది. గాలం అసలు తంగూసుకే ఉంచి, సీసాన్ని సన్న తంగూసు ముక్కతో కట్టండి. ఇరికితే ఆ ముక్కే తెగుతుంది, గాలం దక్కుతుంది.

ఆదివారం_గాలం
ఇది పనికొచ్చే మాట. మిగిలిన ఇద్దరూ ఎలా పట్టకూడదో మాత్రమే చెప్తున్నారు.

ఉష్ణమాపకం
నేను చెప్పింది సమయం గురించి. ఒక్కరైనా కొలిచారా? 0 నుంచి 4 డిగ్రీల దాకా బరువు తేడా ఘనపు మీటరుకు 130 గ్రాములు. 20 నుంచి 25కు కిలో రెండు వందలు. మనకు పొరలు కట్టే గుణం అక్కడికంటే ఎక్కువ. కాబట్టి మధ్యాహ్నం పైనీళ్లు...

కేసీ_కాలువ
సార్, చేపకు గ్రాములు తెలియవు.

సుంకేసుల_దిగువ
రెండుసార్లు అడిగినా. ఇది మూడు. గుర్తు తియ్యి.

ఆదివారం_గాలం
ఎందుకు తీయాలి? నది ఎవరి సొత్తూ కాదు. అడుగున చేప లేదు, మీ పద్ధతి దండగ అని ఇంత పొడుగు రాస్తారు, మళ్లీ ఆ మడుగు ఎవరికీ చెప్పొద్దంటారు. లేని చేపకు కాపలా ఎందుకన్నా? గాలంతో ఒకరు రోజుకు మూడో నాలుగో పడతారు. అలివి వలతో వేలెడు పిల్లను కూడా ఊడ్చి ఎండబెట్టి అమ్మేది ఎవరు? శ్రీశైలం వెనక నీళ్లలో అలివి గొడవ ప్రతి ఏడూ పేపర్లో వస్తుంది, అందులో గాలం వాడి పేరు ఎప్పుడైనా వచ్చిందా?

సుంకేసుల_దిగువ
అలివి వేసేటోని పక్కన నన్ను నిలబెట్టినావు కాబట్టి చెప్తాండ, విను. అలివి కంటికి దోమ కూడా పట్టదు. మేము ఇడిసేది నాలుగంగుళాల కన్ను పట్టువల, పైన బెండ్లు, కింద గుండ్లు. సాయంత్రం కట్టి తెల్లారి తీసేది. పిల్ల చేప దాంట్లోంచి దూరి పోతాది. అలివి వచ్చి ఊడ్చుకొని పోతే ముందు కడుపు మాడేది మాకే.

పట్టువల ఎట్ల పట్టుకుంటాదో తెలుసునా? వల కదలదు, చేపే తిరిగి వచ్చి తగులుకోవల్ల. ఆగస్టు, సెప్టెంబరులో కొత్త నీళ్లకు చేప తిరుగుతాది, వల నిండుతాది. చలి పడినాక చేప కదలదు, వల పొద్దునకు ఖాళీ. ఏరు కూడా తెగి మడుగులైతాది. ఉన్న చేపంతా ఆ మడుగుల్లో చేరి ఉంటాది, సంక్రాంతి దాటినాక నీళ్లు ఇంకా తగ్గితే మేము తీసుకొనేది అదే. నువ్వు గుర్తు పెట్టినది అట్లాంటి మడుగు. లైసెన్సు రుసుము కట్టేది మేము, ఆదివారం బండ్లేసుకొని వచ్చేది మీరు.

మూడునాలుగు చేపల గురించి కాదు నా ఏడుపు. వచ్చినోడు ఒక్కొక్కడు చేపను రప్పించేదానికి అయిదు కిలోల తవుడు, వేరుశనగ చెక్క మేపు పోస్తాడు. చలికి చేప తినేది తక్కువ, మిగిలింది అడుగున పులుస్తాది. ఇంక ముద్ద లేకుండా మూడు ముళ్ల గాలం ఇసిరి ఈడ్చేటోళ్లు ఉండారు. చేప కడుపుకో, తోకకో గుచ్చుకుంటాది, తెంపుకొని పోయి చస్తాది. అదే గాలం వలకు తగిలితే గజం వల చింపాల్సిందే.

ఉష్ణమాపకం
మేపు సంగతి ఆయన చెప్పింది సరైనదే. పారే నీళ్లలో అయితే కొట్టుకుపోతుంది. తెగిన మడుగులో పోసిన తవుడు అక్కడే కుళ్లుతుంది, కుళ్లేటప్పుడు నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ను తినేస్తుంది. 20 డిగ్రీల నీళ్లు పట్టగలిగేది లీటరుకు 9 మిల్లీగ్రాములే, 30కి పోతే ఏడున్నర. జనవరిలో పోసిన మేపు దెబ్బ ఎండలు ముదిరాక తెలుస్తుంది. చలికాలం ఒకరికి రోజంతటికీ పావుకిలో మేపు చాలు. రెండు గుప్పిళ్లు వేసి, బెండు కదిలాకే ఇంకో గుప్పెడు.

ఆదివారం_గాలం
ఈడ్చే గాలం నేను సమర్థించను, ఎక్కడా రాయలేదు కూడా. మేపు తగ్గించమంటే తగ్గిస్తాం. కానీ అన్నా, కర్నూలు ఊరి ఒడ్డున కూర్చుంటే మురుగు. హంద్రి కలిసే చోట ముక్కు మూసుకోవాలి. సుంకేసుల గేట్ల దగ్గర కూర్చోనివ్వరు. మడుగు దగ్గరికి వస్తే ఇది మాది అంటారు. ఊళ్లో ఉన్నవాడు గాలం ఎక్కడ వేయాలి? చేప అడుగునా ఒడ్డునా అని రెండు రోజులు వాదించాం గానీ, నాకు కావలసిన జవాబు ఇది.

సుంకేసుల_దిగువ
ఆ మాట మొదట్నే అడిగింటే అయిపోతాండె. నడిచి వచ్చి, ఒడ్డు మీద కూర్చొని, ఒక కర్ర, ఒక గాలం వేసుకొనేటోన్ని మేము ఎప్పుడూ పొమ్మనలేదు. పుట్టి తెచ్చి నడిమడుగులో దిగొద్దు. ఊరూరికీ తెలిసేటట్ల గుర్తు పెట్టొద్దు. అంతే.

పుట్టి_తిప్పుడు
అయితే నా రెండు రాళ్లూ దండగ.

ఆదివారం_గాలం
ఒడ్డు మీదకు మాత్రమే రావాలని ఏ చట్టంలో ఉంది? 1897 మత్స్య చట్టం వద్దన్నది మందుగుండు, విషం. పుట్టి కాదు.

సుంకేసుల_దిగువ
చట్టంలో లేదు. మడుగు కాడ ఉంది.

నిర్వాహకుడు
మ్యాపు గుర్తు తొలగించాను. ఇకపై మడుగుల ఆనవాళ్లు ఎవరూ పెట్టవద్దు, ఊరి పేరు వరకు చాలు. పుట్టి దించవచ్చా లేదా అన్నది ఇక్కడ తేలేది కాదు, విడిగా చర్చ మొదలుపెట్టుకోండి.

ఉష్ణమాపకం
ఇప్పటికీ ఎవరూ సీసా దించలేదు.

చిన్న_బెండు
నెయ్యి సంగతి ఎవరూ చెప్పలేదు.

సుంకేసుల_దిగువ
నెయ్యి ఎండాకాలానికి. చలి నీళ్లలో గడ్డకడతాది, ముద్ద రాయి మాదిరి అయి వాసన వదలదు. వేరుశనగ నూనె గడ్డకట్టదు, అది వెయ్యి. తవుడు రెండు పాళ్లు, వేయించి పొడిచేసిన వేరుశనగ చెక్క ఒక పాలు, పట్టు కోసం గుప్పెడు మైదా, చెంచా నూనె. నిమ్మకాయంత కాదు, రేగుపండంత ముద్ద చాలు. పది నిమిషాలకు నీళ్లలో విడిపోవల్ల. విడిపోకపోతే మైదా ఎక్కువైందని లెక్క.