మాజీ సైనికుడైన నాన్నకు మాత్రలతో పాటు యోగా, తోటపని మేలు చేస్తాయా?

ఉద్దానం అమ్మాయి:
మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. నాన్న 1999లో కార్గిల్‌లో ఉన్నారు. హవల్దారుగా పదవీ విరమణ చేసి పదేళ్లు దాటినా సరైన నిద్ర లేదు. రాత్రి రెండింటికి లేచి వీధి గడియ, దొడ్డి తలుపు చూసి వస్తారు. మొన్న ఎదురింటి పెళ్లిలో బాంబులు పేల్చగానే కంచం ముందు నుంచి లేచి, నా చెయ్యి పట్టుకుని గోడవారకు లాగి కూర్చోబెట్టారు. మోత ఆగాక కూడా వదల్లేదు. ఆయన చేతి పప్పన్నం నా చున్నీ మీదే ఆరిపోయింది. తర్వాత రెండు రోజులు నా మొహం చూడలేకపోయారు.

డాక్టరు ఇది యుద్ధం మిగిల్చిన మానసిక గాయమని చెప్పి మాత్రలు రాశారు. బంధువుల్లో గాలి సోకిందని తాయెత్తు కట్టించమనేవారు ఒకరు, మాత్రలు మానిపించి పది రోజుల మౌన ధ్యాన శిబిరానికి పంపమనేవారు ఒకరు. అనుభవం ఉన్నవారు చెప్పండి.

విశ్రాంత సుబేదార్, టెక్కలి:
అమ్మా, మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపకండి. నేనూ ఆ దారిలో నడిచినవాణ్ణే. మొదటిసారి యోగాకు వెళ్తే దీపాలు ఆర్పి, కళ్లు మూసుకుని శవాసనంలో పడుకోమన్నారు. చీకట్లో ఎవరో నా వెనక నడుస్తున్నారు. గుండె దడ పట్టలేక చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి వచ్చేశాను. యోగా నాకు సరిపడదని ఏడాది పాటు అనుకున్నాను. తర్వాత మరో గురువు గోడకు ఆనించి, తలుపు కనబడేలా కూర్చోబెట్టారు. కళ్లు తెరిచే ఉంచమన్నారు. నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చడం, ఆరు లెక్కపెడుతూ వదలడం, అంతే. భస్త్రిక, కపాలభాతి వద్దన్నారు. వేగంగా ఊపిరి తీస్తే నాకు ఆ దడే తిరిగి వచ్చేది. మౌన శిబిరం ఇప్పుడే వద్దు. పది రోజులు ఆ జ్ఞాపకాలతో ఒంటరిగా ఉండడం చిన్న విషయం కాదు.

2018 తిత్లీ తుపానుకు నా కొబ్బరితోట కూలిపోయింది. మళ్లీ నాటడానికి ఇద్దరు మాజీ జవాన్లు తోడు వచ్చారు. మీటరు లోతు, మీటరు వెడల్పు గోతులు. యుద్ధం మాట ఒక్కరమూ ఎత్తలేదు. ఆ రాత్రులు నిద్రపట్టింది. అంతకుముందు నిద్ర కోసం మిలటరీ క్యాంటీన్ మందు సీసా పట్టేవాణ్ణి. మీ నాన్నగారికి ఆ అలవాటు ఉంటే డాక్టరు దగ్గర దాచకండి.

సైకాలజిస్ట్, విజయనగరం:
సుబేదార్ గారి మాటకు ఒకటి కలుపుతాను. ఈ గాయానికి బలమైన ఆధారం ఉన్నది ఆ జ్ఞాపకాన్నే నేరుగా పట్టుకుని, శిక్షణ పొందిన వైద్యుల దగ్గర చేసే మాటల చికిత్సకు. కళ్లను అటూ ఇటూ కదిలిస్తూ చేసే ఈఎండీఆర్‌ను కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సూచించింది. యోగా, తోటపని దానికి తోడు మాత్రమే. మాజీ సైనికుల వైద్య పథకమైన ఈసీహెచ్ఎస్ పాలీక్లినిక్‌లో మానసిక వైద్యుడికి రిఫరల్ అడగండి. రాత్రి కష్టమనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మరొకటి: వీధిలో పెళ్లి ఉందని తెలిస్తే ముందే ఆయనకు చెప్పండి. తెలిసిన మోత కంటే తెలియని మోతే ఎక్కువగా కలచివేస్తుంది.

ఉద్దానం అమ్మాయి:
సుబేదార్ గారూ, మీరు రాసింది నాన్నకు చదివి వినిపించాను. చెప్పులు వదిలేసి వచ్చిన చోట మళ్లీ చదవమన్నారు. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "ఆయనది ఏ రెజిమెంటో అడుగు" అన్నారు.