మొదటిసారి వెనక మనిషితో కొండకి: అమ్మ ఒకపక్కకే కూర్చుంటానంటే ఎక్కించుకోవచ్చా?

కొత్తబండి_బైరాగిపట్టెడ
లైసెన్సు చేతికొచ్చింది. బండి పల్సర్ 150. ఒక్కడినే అయితే ఇబ్బంది లేదు, వెనక మాత్రం ఇంతవరకు ఎవరినీ ఎక్కించుకోలే. అమ్మని తిరుమలకి తీసుకుపోవాలనుంది. చీర కట్టుకుంటుంది, ఒకపక్కకే కూర్చుంటానంటోంది. ఏమేం చూసుకోవాలి? నేరుగా ఘాట్ ఎక్కేయొచ్చా?

గాలిగేజ్
ముందు గాలి చూడు. నీ బండికి వెనక టైరులో ఒక్కడివే అయితే 28 పాయింట్లు (psi), ఇద్దరైతే 32. ముందు టైరుకి 25. బండి నడవక ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు కొట్టించాలి. బరువు పెరిగి గాలి తక్కువుంటే టైరు పక్కలు నలిగిపోతాయి, మలుపులో బండి వెనకభాగం ఊగుతుంది.
తర్వాత షాకబ్జార్బర్లు. గాట్లుండే రింగుని సి-స్పానర్‌తో (కొక్కెంలా వంగుండే రెంచి) తిప్పి గట్టి చెయ్యి. రెండు పక్కలా ఒకే గాటులో ఉండాలి. వెనక దిగబడితే హెడ్‌లైటు పైకి లేచి ఎదుటివాడి కళ్లలో పడుతుంది, దాన్ని కూడా కిందికి దించుకో. చైన్ లూజు మనిషి కూర్చున్నాక ఇంకోసారి చూడు. బరువు పడితే చైన్ బిగుసుకుంటుంది, ముందే టైటుగా ఉంటే స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం) మీద భారం.

బైపాస్_చిత్తూరు
32 ఎందుకు సామీ? ఊరంతా 28 తోనే ఇద్దరిద్దరు పోతా ఉండారు. ఆయమ్మ బరువెంతని అడక్కుండానే 32 అంటే ఎట్లా? గుంతల్లో ఎగిరెగిరి పడి పెద్దామె నడుము పోతుంది. 30 చాలు.

గాలిగేజ్
ఆ లెక్క నేను పెట్టింది కాదు, కంపెనీ మాన్యువల్లో ఉండేది. నడుము సంగతి సీటు, షాకబ్జార్బర్లు చూసుకుంటాయి. గాలి తగ్గించి సుఖం కొనుక్కునేది ఎక్కడుంది?

బైపాస్_చిత్తూరు
మాన్యువల్ రాసినోడు మన రోడ్డు మీద తిరిగినాడా?

స్పోక్‌వీల్
30, 32 అని మీరు కొట్టుకుంటా ఉంటే అసలు సంగతి పక్కకు పోతోంది. మొదటిసారి వెనక మనిషి, అదీ ఒకపక్కకి, అదీ ఘాట్‌లో. మూడూ ఒకే రోజు పెట్టుకోవద్దు.
ఒకపక్కకి కూర్చుంటే ఆమె కాళ్లు, మోకాళ్ల బరువంతా ఎడమకి వస్తుంది. నేరుగా పోవాలన్నా నువ్వు కొంచెం కుడికి ఒరిగి నడపాలి. బాగా పోతున్నప్పుడు అది తెలీదు. నడక వేగంలో, హెయిర్‌పిన్ మలుపులో (దాదాపు వెనక్కి తిరిగే మలుపు) తెలుస్తుంది, ఇక కాలు దించేటప్పటికి ఆలస్యమైపోతుంది. బ్రేకు వేస్తే రెండు పక్కలా కాళ్లేసిన మనిషి తొడలతో సీటుని బిగపట్టుకుంటుంది, ఒకపక్కకి కూర్చున్నామెకి ఆ పట్టు లేదు. జారి నీ మీదికి వస్తుంది, ఆ భారం నీ భుజాల్లోంచి హ్యాండిల్‌కి దిగుతుంది. చేతులు బిగుసుకుంటే బండి తిరగదు.

బైపాస్_చిత్తూరు
అబ్బో. చిత్తూరు నుంచి కాణిపాకానికి పొద్దుగూకులూ పోయే ఆడోళ్లంతా ఎట్లా కూర్చుంటా ఉండారు? అందరూ పడిపోతా ఉండారా? చీర కట్టిన పెద్దామెని పట్టుకుని అటోకాలు ఇటోకాలు వెయ్యమంటావా?

స్పోక్‌వీల్
కాణిపాకం చదును రోడ్డు. నేను ఘాట్ గురించి చెప్తున్నా. ఎక్కే దారికీ దిగే దారికీ తేడా ఉంది. దిగేది పాత దారి, 1944 నాటిది, మలుపులు ఇరుకు. ఎక్కేది 1974 లో వేసింది, కొంచెం విశాలం. రెండూ వన్‌వే కాబట్టి ఎదురు బండి రాదు, కానీ వెనక నుంచి బస్సులు తరుముకొస్తాయి. కొత్తవాడు కంగారుపడేది అప్పుడే.

ఫుట్‌రెస్ట్
చీర గార్డ్ ఉందా ముందు చూడు. కొందరు అందంగా లేదని పీకేస్తారు. వెనక చక్రాన్ని సగమన్నా కప్పే గార్డు, పట్టుకోను హ్యాండిల్, కాలు పెట్టను ఫుట్‌రెస్ట్ ఉండాలని కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 123వ నిబంధనే చెప్తుంది. కొంగు నడుముకి చుట్టి దోపాలి. జారిన కొంగు చక్రంలో పడితే బండి ఆగదు, మనిషినే లాగేస్తుంది.

గాలిగేజ్
చెప్పడం మరిచా. హెల్మెట్ ఇద్దరికీ. లేకపోతే వెయ్యి రూపాయలు, పైగా మూడు నెలలు లైసెన్సు పక్కన పెట్టొచ్చు. కొత్త లైసెన్సు కదా.

బైపాస్_చిత్తూరు
హెల్మెట్ సరే. 30 మాటేంది?

కొత్తబండి_బైరాగిపట్టెడ
అన్నా, గాలి వదిలేయండి. ఆమె నా భుజం పట్టుకోవాలా, నడుమా?

స్పోక్‌వీల్
భుజం వద్దు. భుజాన్ని ఎంత ఒత్తితే అంత హ్యాండిల్ కదులుతుంది. ఎడమకి తిరిగి కూర్చుంటుంది కాబట్టి కుడిచెయ్యి నీ నడుము మీద, ఎడమచెయ్యి సీటు వెనక హ్యాండిల్ మీద. అయినా నా మాట అదే, ఘాట్‌కి ఒకపక్కకి వద్దు.

బైపాస్_చిత్తూరు
వద్దు వద్దు అనే బదులు ఎట్లా పోవాలో చెప్పరాదా? బిడ్డ అమ్మని కొండకి తీసుకుపోతానంటే అడ్డం పడేది ఏం న్యాయం? ఇంట్లో పెద్దామె మాట కాదని బండి నడిపేవాడు ఆజ్ఞలేస్తాడా?

స్పోక్‌వీల్
వెయ్యాల్సిందే. బండి ఎవరి చేతిలో ఉందో నిర్ణయం వాళ్లదే. పెద్దామె అని మొహమాటపడితే, పడ్డాక మొదట దెబ్బ తగిలేది ఆమెకే.

వెనకసీటు
పొద్దుట్నుంచి చదువుతా ఉన్నా. ఆమె బరువెంత, ఆమె చెయ్యెక్కడ, ఆమె కాళ్లెటు. ఆమెతో మాట్లాడమని ఒక్కరన్నా అన్నారా? ఒకరు ఆమెకి గౌరవం అంటారు, ఇంకొకరు ఆజ్ఞ అంటారు. ఇద్దరికీ ఆమె వెనక కట్టిన గ్యాస్ బండే. వెనక కూర్చునేవాళ్లకి ముందు ఏమవుతోందో కనపడదు. బ్రేకు ఎప్పుడు పడుతుందో, మలుపు ఎటో తెలీకనే భయపడి అవతలికి ఒరుగుతారు, అప్పుడు బండి బయటికి లాగుతుంది.
ఎక్కకముందే చెప్పాల్సినవి చెప్పు. నువ్వు స్టాండు తీసి, రెండు కాళ్లూ నేలకి ఆనించి, ముందు బ్రేకు పట్టుకుని "ఎక్కమ్మా" అన్నాకే ఎక్కాలి. దిగేటప్పుడూ అంతే, నువ్వు చెప్పకుండా కాలు దించకూడదు. మలుపులో నీ వీపుతో పాటే ఉండాలి, సొంతంగా అటూ ఇటూ వంగకూడదు. హెల్మెట్లతో మాట వినపడదు, అందుకే సైగ పెట్టుకో: నడుము మీద ఒకసారి తడితే నిదానం, రెండుసార్లు తడితే ఆపు. ఆమె తడితే ఆపాల్సిందే, "ఇంకొంచెమే" అనకూడదు.
అలిపిరి చెక్‌పోస్టులో ఆమెని దింపి సామాను చూస్తారు. మళ్లీ ఎక్కేటప్పుడు వెనక హారన్లు మోగుతా ఉంటాయి. అక్కడే తొందరపడి, ఆమె సర్దుకోకముందే క్లచ్ వదిలేస్తారు. ఒకపక్కకి కూర్చున్నామె వెనక్కి పడేది అక్కడే, హెయిర్‌పిన్ దాకా పోనక్కర్లేదు. బండి పక్కకి తీసి ఎక్కించుకో.

ఫుట్‌రెస్ట్
చెక్‌పోస్టు మాట ఎవరికీ తట్టలేదు చూడు.

బైపాస్_చిత్తూరు
వెనకసీటు ఆయమ్మ చెప్పింది బాగుంది. నేను గౌరవం అన్నది ఆ అర్థంలో కాదు గానీ, సరే. ఎక్కేటప్పుడు ట్రాఫిక్ ఆగితే ఇంకోటి: బండి వెనక్కి జారకుండా ఎడమకాలు నేల మీద, కుడికాలు వెనక బ్రేకు మీద పెట్టుకో. క్లచ్ కొంచెం వదిలి బండి ముందుకి లాగుతోందని తెలిశాకే బ్రేకు వదులు. ఇద్దరున్నప్పుడు క్లచ్ మామూలుకన్నా ఎక్కువసేపు సగంలో పట్టుకోవాల్సొస్తుంది, యాక్సిలరేటర్ కూడా కొంచెం ఎక్కువ కావాలి.

స్పోక్‌వీల్
దిగేటప్పుడు గేరు రెండులో ఉంచు, ఇంజన్ పట్టుతోనే దిగు. క్లచ్ నొక్కి జారనిస్తే భారమంతా బ్రేకుల మీదే. మలుపు రాకముందే, బండి నేరుగా ఉన్నప్పుడే వేగం తగ్గించు. బ్రేకు అదేపనిగా నొక్కి పట్టకు, నొక్కి వదులు. లివర్ మెత్తబడినా, కాలిన వాసనొచ్చినా పక్కకి ఆపి చల్లారనివ్వు. ఎట్లాగూ 40 నిమిషాలకంటే ముందు కింద గేటుకి వస్తే జరిమానా. ఆ సమయాన్ని వాడుకో.
వెనకసీటు చెప్పిన సైగలు ఒప్పుకుంటా. ఒకపక్కకి కూర్చునేది మాత్రం ఒప్పుకోను.

వెనకసీటు
మీరు ఒప్పుకోనక్కర్లేదు. కొత్తబండి వాళ్లమ్మని అడగాలి. చుడిదార్ వేసుకుంటే రెండు పక్కలా కాళ్లేయొచ్చు. వేసుకోదంటే బస్సుంది. ఆమెకి మోకాళ్ల నొప్పులున్నాయేమో, అందుకే ఒకపక్కకి అంటోందేమో, మనకి తెలుసా?

కొత్తబండి_బైరాగిపట్టెడ
మోకాలే. కాలు అంత ఎత్తు లేపలేదంట, ఇప్పుడే అడిగా. ముందు పొద్దున పూట తిరుచానూరు దాకా, తర్వాత మంగాపురం దాకా తిప్పుతా. కొండకి ఈసారి బస్సే.

గాలిగేజ్
తిరుచానూరుకైనా 32.

బైపాస్_చిత్తూరు
30.