సర్క్లింగ్ పరిధి పాన్స్-ఆప్స్‌లో ఒకలా, టెర్ప్స్‌లో మరోలా ఎందుకుంది?

ప్రశ్న:
ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ పరీక్షకు చదువుతున్నాను. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో వారి ప్రొసీజర్ల రూపకల్పన ప్రమాణమైన పాన్స్-ఆప్స్ ప్రకారం, సి కేటగిరీ విమానం (కేటగిరీలు అప్రోచ్ వేగాన్ని బట్టి ఉంటాయి) సర్క్లింగ్ చేసేటప్పుడు, అంటే దిగే రన్‌వే కోసం దాన్ని చూస్తూ చుట్టూ తిరిగేటప్పుడు, రన్‌వే చివరల నుంచి సుమారు 4.2 నాటికల్ మైళ్ల దాకా అడ్డంకుల నుంచి రక్షణ ఉంటుంది. అమెరికా వారి అలాంటి ప్రమాణమైన టెర్ప్స్ పాత రూపంలో అదే కేటగిరీకి 1.7 మైళ్లే ఇచ్చారు. విమానమూ కొండలూ అవే అయినప్పుడు ఈ రెండింటిలో ఒకటి తప్పని అనుకోవాలా?

మొదటి సమాధానం:
తప్పు అనలేము, లెక్కకు తీసుకున్న వేగాలే వేరు. టెర్ప్స్ ఆ కేటగిరీ గరిష్ఠ అప్రోచ్ వేగమైన 140 నాట్లను తీసుకుంటే, పాన్స్-ఆప్స్ 180 నాట్ల వరకు అనుమతించి, 25 నాట్ల గాలిని కూడా కలుపుకుంది. గాలి లేదనుకుని 20 డిగ్రీల బ్యాంకుతో (రెక్కల వంపుతో) లెక్క వేసి చూడండి: మలుపు వ్యాసార్ధం 140 నాట్ల వద్ద 0.8 మైలు లోపే ఉంటుంది, 180 వద్ద 1.3 మైళ్లకు చేరుతుంది. అంటే ఆ వేగంతో రన్‌వేకు సమాంతరంగా సాగే డౌన్‌విండ్ నుంచి రన్‌వే వైపు దిగే ఫైనల్‌కు తిరగడానికే 2.6 మైళ్ల వెడల్పు కావాలి కాబట్టి, 1.7 మైళ్ల హద్దు మలుపు పూర్తికాకముందే దాటిపోతుంది. ఒక ప్రమాణానికి అలవాటైన వేగంతో మరొక ప్రమాణం గీసిన ప్రాంతంలో ఎగరడమే నా దృష్టిలో అసలు ప్రమాదం.

2012 చివరి నుంచి రూపొందిన అమెరికా ప్రొసీజర్లలో ఈ పరిధి ఎత్తుతోపాటు పెరుగుతుంది. సి కేటగిరీకి 1,000 అడుగుల వరకు 2.7 మైళ్లు. అలాంటి చార్టులో సర్క్లింగ్ మినిమా (కనీస ఎత్తు, దృశ్యత హద్దులు) వరుసలో నల్లని గడిలో తెల్లని 'సి' అక్షరం ఉంటుంది.

రెండో సమాధానం:
దిగడం మానుకుని తిరిగి పైకెక్కే మిస్డ్ అప్రోచ్‌లోని తేడా ఇంతకంటే కంటికి ఆనదు. చార్టులో వేరే అంకె ఇవ్వకపోతే విమానం మైలుకు కనీసం 200 అడుగులు ఎక్కుతుందని టెర్ప్స్ భావిస్తుంది, పాన్స్-ఆప్స్‌కు 2.5 శాతం, అంటే సుమారు 152 అడుగులు చాలు. టెర్ప్స్‌లో అడ్డంకుల తలం (అడ్డంకులేవీ దాటకూడని ఊహా తలం) కూడా మైలుకు 152 అడుగుల చొప్పునే లేస్తుంది. మిగిలిన 48 అడుగులే విమానానికీ ఆ తలానికీ మధ్య పెరుగుతూ పోవలసిన అంతరం. బరువుగా ఉన్న విమానంలో ఒక ఇంజన్ ఆగిపోయినప్పుడు 2.5 శాతం వస్తోంది కదా అని టెర్ప్స్ చార్టు మీద ధీమాగా వెళ్లే పైలట్‌కు ఆ అంతరం పెరగనే పెరగదు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. మరి ఏ విమానాశ్రయంలో ఏ ప్రమాణం వాడారో ముందుగా తెలిసేదెలా?

మొదటి సమాధానమిచ్చినవారు:
కొన్ని చార్టుల అంచునే ఆ ప్రమాణం పేరు అచ్చువేస్తారు. అది కనిపించకపోతే ఆ దేశపు ఏఐపీలో (అధికారిక విమానయాన సమాచార గ్రంథంలో) జెన్ 1.7 విభాగం తెరవండి, ఐకావో విధానాలతో ఆ దేశానికున్న తేడాలను అక్కడ ప్రకటిస్తారు. సర్క్లింగ్ వేగాన్ని ఆ తర్వాతే నిర్ణయించుకోండి.